డబ్బాకు రెండో చిల్లు

బస్సు మూడోసారి కూడా ఘాటులోనే ఆగిపోయింది.

మొదటిసారి ఆగినప్పుడు మద్దిలేటి నవ్వాడు. రెండోసారి ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోసారి ఎట్లాగో నంద్యాల దాకా తిరిగొచ్చి బస్సు షెడ్డు ముందు నిలబడేసరికి, చేతులు తుడుచుకునే గుడ్డను నేలకేసి కొట్టాడు.

హుస్సేనప్ప మేస్త్రి ఆ గుడ్డ తీసి, దుమ్ము దులిపి, గోడ మేకుకు తగిలించాడు.

హుస్సేనప్ప షెడ్డు గిద్దలూరు రోడ్డులో ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఆయనకు తెలిసిన పని ఒక్కటే, డీజిల్ ఇంజన్. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో షెడ్లు పెట్టుకున్నారు. అయితే ఎవరంటే వాళ్ళు, ఎప్పుడంటే అప్పుడు పెట్టుకోలేదు. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది.

శిష్యుడు ఒక్కడే, మేస్త్రి చెయ్యి పడకుండా, ఒక పాత బండి ఇంజన్ మొత్తం విప్పి మళ్ళీ బిగించాలి. ఆ బండి నల్లమల ఘాటు ఎక్కి, అవతల దిగి, మళ్ళీ ఎక్కి షెడ్డుకు తిరిగి రావాలి. దారిలో ఎక్కడా బానెట్ మూత ఎత్తకూడదు. అట్లా వచ్చినవాడి కొత్త షెడ్డుకు హుస్సేనప్ప తానే పోయి, తన చేత్తో తలుపు తీస్తాడు. ఆయన తీయని తలుపు ముందు ఆ రోడ్డు డ్రైవర్లు బండి ఆపరు.

మద్దిలేటి వచ్చి తొమ్మిదేళ్ళు. పెళ్ళయింది. ఒక కూతురు. బైపాసు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. పేరు రాయించిన బోర్డు లోపల గోడకు ఆనించి ఉంది. తలుపుకు తాళం వేసి ఉంది. పొద్దున షెడ్డుకు వచ్చేటప్పుడు ఒకసారి, ఇంటికి పోయేటప్పుడు ఒకసారి ఆ తాళాన్ని చూసుకుంటూ పోతాడు.

అతని చేతికి వచ్చిన బండి సుంకన్న బస్సు. ఇరవై ఎనిమిదేళ్ళ నాటిది. దాని తోటి బస్సులన్నీ ఎప్పుడో తుక్కులోకి పోయాయి. సుంకన్నే ఓనరు, సుంకన్నే డ్రైవరు. దాన్ని పిలిచేటప్పుడు 'నా బస్సు' అనడు, 'మాయమ్మి' అంటాడు.

దసరాకు ముందు ఇరవై రోజులు మద్దిలేటి ఆ ఇంజన్ మీదే ఉన్నాడు. హెడ్డు దించాడు. వాల్వులు ఒక్కొక్కటీ అరగదీసి కూర్చోబెట్టాడు. రింగులు మార్చాడు, గ్యాస్కెట్ మార్చాడు. టాపెట్లు మూడుసార్లు సరిచూశాడు. పండగ మరుసటి రోజు స్టార్ట్ చేసి, బానెట్ మీద చెయ్యి పెట్టి, "వినండి మేస్త్రీ! ఎక్కడన్నా ఒక్క దెబ్బ తేడా కొడతాందేమో చెప్పండి" అన్నాడు.

హుస్సేనప్ప చాలాసేపు విన్నాడు.

"ల్యాదు. బాగుంది," అన్నాడు.

ఆ మాట ఆయన నోట రావడం మద్దిలేటి తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు విన్నాడు. ఆ రోజు అన్నం కూడా నిలబడే తిన్నాడు.

మరుసటి రోజే బస్సు ఘాటులో ఆగింది.

సగం ఎక్కాక, ఒక మలుపులో, ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఇంజన్ రెండుసార్లు గుటకలేసి ఆగిపోయింది. మద్దిలేటి బానెట్ ఎత్తాడు. డీజిల్ లైనులో గాలి పట్టిందనుకుని చేతిపంపు కొట్టి గాలి తీశాడు. కొట్టినంతసేపూ పంపు గట్టిగా, మొండిగా ఉంది. అరగంట గడిచాక ఇంజన్ లేచింది. షెడ్డుకొచ్చి ఫిల్టర్లు మార్చాడు.

రెండోసారి అదే మలుపు దాటి కొంత దూరం పోయి ఆగింది. ఈసారి డీజిల్ లాగే చిన్న పంపు మార్చాడు. పైపులు మార్చాడు. పైపుల దగ్గర రాగి వాషర్లన్నీ కొత్తవి వేశాడు. ఊళ్ళో తిప్పితే బస్సు గుర్రంలా పోయింది.

మూడోసారి ఈ పొద్దు.

సుంకన్న డ్రైవరు సీటులోంచి దిగి, టైరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అతనికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"మద్దిలేటీ, ఒక మాట చెప్పు. నువ్వు ముట్టుకోకముందు మాయమ్మి పొగ పోసేది, నూనె తాగేది, మూలిగేది. కానీ ఘాటు ఎక్కేదా, ఎక్కేది కాదా?"

"ఎక్కేదిలే అన్నా."

"ఇప్పుడు పొగ ల్యాదు. మూలుగు ల్యాదు. ఎక్కేది గూడా ల్యాదు."

"ఇంజన్లో తప్పు ల్యాదన్నా. నేను బిగించిన ఇంజన్ అది."

"నువ్వు బిగించిన ఇంజన్ని అడివిలో కోతులు చుట్టూ కూర్చుని చూస్తాండాయప్పా! మూడు తూర్లు చూసినాయి. ఒకటి నన్ను గుర్తుపట్టింది గూడా."

షెడ్డులో ఉన్న ఇద్దరు డ్రైవర్లు నవ్వారు. మద్దిలేటి నవ్వలేదు.

"ఆదివారం మా ఊరి కోలాటం ఆడోళ్ళు నలభై మంది ఎక్కుతారు," అన్నాడు సుంకన్న. "ఘాటు అవతల పోటీలు. ఏడాదంతా కాళ్ళు అరిగేలా నేర్చుకున్నారు. వాళ్ళల్లో మా ఇంటామె ఉంది, మా వదినె ఉంది. అడివిలో ఆగిందనుకో, నేను ఊర్లోకి పోయే పని ల్యాదు. ఇంగ మూడు దినాలుంది. నీతో కాదంటే ఇప్పుడే చెప్పు, యాడికన్నా తోలుకుపోతా."

"అవుతాది."

"ఏమి అవుతాది?"

"ఇంజన్లోకి డీజిల్ కొట్టే పెద్ద పంపు పోయిందన్నా. దాన్ని విప్పి కర్నూలు పంపిస్తా. వాళ్ళు మిషన్ మీద పెట్టి సరిచేస్తారు. శనివారం రాత్రికి నీ బండి నీకిస్తా."

సుంకన్న హుస్సేనప్ప వైపు చూశాడు. హుస్సేనప్ప ఒక ట్రాక్టరు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం బయటపెట్టి పడుకుని ఉన్నాడు. ఆ కాళ్ళు ఏమీ చెప్పలేదు.

"సరే. అన్నం తిని వస్తా," అని సుంకన్న రోడ్డు దాటి హోటల్లోకి పోయాడు.

మద్దిలేటి బానెట్ ఎత్తి, పెద్ద పంపు బోల్టులు వదులు చేయడం మొదలుపెట్టాడు. నాలుగు బోల్టులు. మూడు వదులయ్యాయి. నాలుగోది మొండికేసింది. పానా జారి వేలి కణుపుకు తగిలింది. నెత్తురు చూసుకుని, దిగొచ్చి, ట్రాక్టరు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మేస్త్రీ."

"ఊ."

"నా పనిలో తప్పు ల్యాదు."

"ఊ."

"ట్యాంకు కాడి నుంచి నాజిళ్ళ దాకా అన్నీ చూసినా. పైపు పైపు ఊది చూసినా. మిగిలింది పంపు ఒక్కటే. పంపు నేను విప్పింది కాదు, దాని లోపలి పని మన షెడ్డుది గూడా కాదు. అది పోతే నా తప్పు ఎట్లయితాది?"

హుస్సేనప్ప ట్రాక్టరు కింద నుంచి పాకుతూ బయటికొచ్చాడు. గడ్డం మీద నూనె చుక్క ఉంది. లేచి కూర్చుని, శిష్యుడి వేలు పట్టుకుని చూశాడు. సబ్బు వైపు గడ్డంతో చూపించాడు. మద్దిలేటి కడుక్కుని వచ్చాడు.

"ఆగినాక ఏం చేస్తే లేస్తాంది?" అని అడిగాడు మేస్త్రి.

"గాలి తీస్తా."

"గాలి వస్తాందా?"

"సరిగ్గా రాదు. పంపు గట్టిగా ఉంటాది. అరగంట అయినాక లేస్తాది."

"నువ్వు కొట్టినందుకు లేస్తాందా, అరగంట అయినందుకు లేస్తాందా?"

మద్దిలేటి తడి వేలిని గుడ్డకు తుడుచుకున్నాడు.

"ట్యాంకులో ఎంతుంటాది?"

"ఘాటుకు పోయేముందు ప్రతిసారీ నిండుగా కొట్టిస్తాడు మేస్త్రీ. నిన్న సాయంత్రం కొట్టించినాడు. ముల్లు నిండుగా చూపిస్తానే ఉంది. డీజిల్ కొదవ ల్యాదు."

హుస్సేనప్ప తల ఊపాడు. ఇంకేదో అడుగుతాడని మద్దిలేటి చూశాడు. ఆయన టీ తెప్పించుకున్నాడు, సగం శిష్యుడికి పోశాడు, తన సగం చప్పరిస్తూ తాగాడు. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ట్రాక్టరును తట్టాడు.

"దీనికి ఆయిల్ పొయ్యి."

మద్దిలేటికి ఒళ్ళు మండింది. నలభై మంది ఆడవాళ్ళ ప్రయాణం ఒక పక్క, తన షెడ్డు తాళం ఒక పక్క, మధ్యలో ఈ ట్రాక్టరుకు ఆయిల్ ఏమిటి? అయినా మేస్త్రి చెప్పాడు. మూలనున్న సీలు తీయని కొత్త డబ్బా ఎత్తుకొచ్చాడు. ఉలి, సుత్తి తీసుకున్నాడు. డబ్బా మీద ఈ మూల ఒక దెబ్బ, ఆ ఎదుటి మూల ఒక దెబ్బ కొట్టాడు. రెండు చిల్లులు పడ్డాయి. డబ్బా ఎత్తి, గరాటు మీదికి వంచాడు. ఆయిల్ తేనెరంగు దారంలాగా, తెగకుండా దిగింది.

హుస్సేనప్ప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బొటనవేలు చాచి, పైనున్న చిల్లు మీద పెట్టాడు.

దారం సన్నబడింది. డబ్బా రెండుసార్లు గుటకలేసింది. ఆగిపోయింది.

"వేలు తియ్యండి మేస్త్రీ, ఆయిల్ దిగడంల్యా."

"ఏంటికి దిగదు? డబ్బా నిండుగానే ఉంది కదా."

"నిండుగా ఉంటే మాత్రం? లోపలికి గాలి పోవద్దా? గాలి పోకుంటే—"

అక్కడ మద్దిలేటి మాట ఆగింది.

డబ్బా అతని చేతుల్లో వంగి అట్లాగే ఉంది. హుస్సేనప్ప వేలు తీశాడు. ఆయిల్ మళ్ళీ దిగడం మొదలుపెట్టింది. అది ట్రాక్టరులోకి పూర్తిగా దిగేదాకా మద్దిలేటి కదల్లేదు. కళ్ళు మాత్రం బస్సు పక్కనున్న డీజిల్ ట్యాంకు మీదే ఉన్నాయి.

ఖాళీ డబ్బా మెల్లగా కింద పెట్టి, బస్సు దగ్గరికి నడిచాడు. పరుగెత్తలేదు.

ట్యాంకు మూత గుండ్రంగా, అరచేయంత ఉంటుంది. నడిమధ్యలో సూది పట్టేంత చిల్లు ఒకటి ఉంటుంది. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ గాలి ఆ చిల్లులోంచే లోపలికి పోతుంది. ఇది డీజిల్ బండి ముట్టిన ప్రతివాడికీ మొదటి నెలలోనే తెలుస్తుంది. తెలిసినాక ఇంక ఎవరూ దాని వైపు చూడరు.

ఆ చిల్లు ఉండాల్సిన చోట బొట్టు ఉంది.

ఆయుధపూజ నాడు పెట్టిన బొట్టు. పసుపూ గంధమూ ముద్దగా కలిపి అద్ది, దాని మీద కుంకుమ. ఆ రోజు తెల్లవారకముందే మద్దిలేటి తలస్నానం చేసి వచ్చాడు. తను బిగించిన మొదటి ఇంజన్, తన షెడ్డుకు దారి తీసే బండి అని ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. స్టీరింగుకు పెట్టాడు, చక్రాలకు పెట్టాడు, రేడియేటరుకు పెట్టాడు, చివరికి ట్యాంకు మూతకు పెట్టాడు. వంకర పోకుండా, సరిగ్గా నడిమధ్యలో పెట్టాడు. ఆ తడి ముద్ద మీద డీజిల్ చిందింది, రోడ్డు దుమ్ము పడింది, ఎండ కాసింది. ఇప్పుడు అది సిమెంటులా ఉంది. బంకులో మూత తీసినవాళ్ళు తీశారు, డీజిల్ కొట్టారు, మళ్ళీ బిగించారు. దేవుడి బొట్టు ఎవరు చెరుపుతారు?

మద్దిలేటి మూత తాళం తీసి తిప్పాడు. మూత వెంటనే రాలేదు. లోపల నుంచి ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. గట్టిగా గుంజాడు. స్స్ మని ట్యాంకు పొడుగ్గా ఊపిరి పీల్చుకుంది. నొక్కుకుపోయిన రేకు టప్ మని యథాస్థానానికి వచ్చింది.

అతను మూతను చేతిలో తిప్పి చూశాడు. తర్వాత సన్న తీగతో చిల్లు పొడిచి, డీజిల్‌తో కడిగి, నోటితో ఊదాడు. గాలి అవతలికి పోయింది. బొట్టు పెట్టిన చోటికి ఒక వేలెడు పక్కగా కుంకుమ చుక్క మళ్ళీ పెట్టాడు. మూత బిగించాడు. బస్సు ఎక్కి, వదులు చేసిన మూడు బోల్టులూ మళ్ళీ గట్టిగా బిగించి, బానెట్ మూసేశాడు.

అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఇద్దరు డ్రైవర్లు ఎప్పుడో వెళ్ళిపోయారు. హుస్సేనప్ప అటు తిరిగి, ట్రాక్టరు చక్రం బోల్టులు లెక్క చూసుకుంటున్నాడు.

సుంకన్న పళ్ళు కుట్టుకుంటూ హోటల్లోంచి వచ్చాడు. మూసి ఉన్న బానెట్ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏమప్పా, పంపు అప్పుడే విప్పేసినావా? కర్నూలు బస్సుకు వేసినావా?"

మద్దిలేటి నోరు తెరిచాడు. 'పంపులో చిన్న తేడా, ఇక్కడే సరిచేసినా' అంటే చాలు. బస్సు ఎట్లాగూ ఇప్పుడు ఘాటు ఎక్కుతుంది. సుంకన్న వీపు తట్టి పోతాడు. బైపాసు డ్రైవర్లకు, పెద్ద పంపు రోగం కూడా మద్దిలేటి చేతికి తెలుసని చెబుతాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

ట్రాక్టరు దగ్గర బోల్టుల చప్పుడు ఆగలేదు. మేస్త్రి ఇటు తిరగలేదు.

"పంపు బాగుందన్నా," అన్నాడు మద్దిలేటి. "ఫిల్టర్లు గూడా బాగుండె. చిన్న పంపు గూడా బాగుండె. అన్నీ ఊరికే మార్చినా. తప్పు నాది. పూజ నాడు ట్యాంకు మూతకు బొట్టు పెట్టి, గాలి చిల్లు మూసేసినా. మూడు తూర్లు నిన్ను అడివిలో నిలబెట్టింది నేనే."

సుంకన్న పంటిపుల్ల నోట్లోంచి తీశాడు. మూత దగ్గరికి పోయి చూశాడు. వంగి, చిల్లు మీద వేలు పెట్టి చూశాడు. మద్దిలేటి ముఖం చూశాడు. అతని గొంతు మళ్ళీ తగ్గింది.

"మూడు తూర్లు."

"అవునన్నా."

"బొట్టు నుదుటన పెడతారప్పా. ముక్కులో పెడతారా ఎవరన్నా?"

మద్దిలేటి తల దించుకున్నాడు. సుంకన్న కొంచెంసేపు అతన్నే చూసి, ఉన్నట్టుండి బస్సు రేకు మీద రెండు చేతులతో చరుస్తూ నవ్వాడు. "అమ్మీ, విన్నావా! నీకు మర్యాద ఎక్కువై ఊపిరాడలేదంట!" అని బస్సుతో అన్నాడు. నవ్వు ఆగినాక కళ్ళు తుడుచుకుని, తలుపు తీశాడు.

"ఎక్కు. ఆదివారం దాకా నేను నమ్ముకుని కూర్చోలేను. ఇప్పుడే పోయొద్దాం."

మద్దిలేటి పానాల సంచి కోసం వంగి, మళ్ళీ దాన్ని అక్కడే వదిలేసి ఎక్కాడు.

ఘాటు మొదలయ్యాక సుంకన్న రెండో గేరు వేశాడు. ఇంజన్ బరువు ఎత్తుకుని, లోతైన గొంతుతో, ఒకే తీరున ఎక్కడం మొదలుపెట్టింది. మద్దిలేటి బానెట్ పక్కన కూర్చుని దాని మీద అరచెయ్యి ఆనించాడు. మొదట ఆగిన మలుపు వచ్చింది, వెనక్కి పోయింది. రెండోది వచ్చింది, పోయింది. మూడోచోట పిట్టగోడ మీద కోతులు వరుసగా కూర్చుని ఉన్నాయి. సుంకన్న వాటిని చూసి హారను కొట్టాడు, ఆపలేదు. పైకెక్కి, అవతల దిగి, టీ తాగి, తిరిగి ఎక్కారు. ఆ దారి పొడుగునా మద్దిలేటి అరచేతి కింద ఇంజన్ ఒక్క దెబ్బ కూడా తేడా కొట్టలేదు.

ఎండ వాలేసరికి బస్సు షెడ్డు ముందు ఆగింది. సుంకన్న దిగకుండానే, "ఆదివారం మా ఆడోళ్ళు నీ పేరు పెట్టి పాట కడతారు చూడు! ఏమి పాట కడతారో నేను చెప్పలేను గానీ," అని అరిచి, బస్సు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

హుస్సేనప్ప ట్రాక్టరు పని ముగించి, పానాలు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు. మద్దిలేటి ఎదురుగా కూర్చుని, తనూ ఒకటి తీసి తుడిచాడు.

"ఘాటు దాటి వచ్చింది మేస్త్రీ. బానెట్ ఎత్తలేదు."

"ఊ."

"కానీ ఇది నా లెక్కలోకి రాదు. నాకు తోచలేదు. మీరు చెప్తే తెలిసింది. ఇంగొక బండి ఇప్పించండి. అది చేసినాకే పోతా."

"నేనేమి చెప్పినా?"

మద్దిలేటి ఆలోచించాడు. నిజమే, ఆయన ఏమీ చెప్పలేదు.

"ఆ పొద్దు నేను మూతకు బొట్టు పెడతాంటే మీరు నా పక్కనే ఉండిరి కదా," అన్నాడు. "మీరన్నా చూడలేదా?"

"చూసినా," అన్నాడు హుస్సేనప్ప. "ఎంత బాగా పెట్టినాడు అనుకున్నా."

మద్దిలేటి మేస్త్రి ముఖంలోకి చూశాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. మాట ఎంతో అంతే ఉంది. ఇద్దరూ మళ్ళీ పానాలు తుడవడంలో పడ్డారు.

రోడ్డు మీద ఒక లారీ ఆవిరి కక్కుతూ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. డ్రైవరు తల బయటపెట్టి, "మేస్త్రీ! ఒకపారి ఇటు రాండి మేస్త్రీ!" అని కేకేశాడు.

మద్దిలేటి అలవాటు కొద్దీ హుస్సేనప్ప వైపు చూశాడు.

హుస్సేనప్ప తల ఎత్తలేదు. చేతిలోని పానాను వెలుగుకు పెట్టి చూసి, ఇంకోసారి తుడిచాడు.

"పో," అన్నాడు. "నిన్నే పిలుస్తాండేది."